కణములకు శక్తి, ముదిమికి బలము

పట్టణములందలి మందుల అంగళ్లలోను, సెల్‌ఫోను తెరల మీదను కనబడుచుండిన సరకు ఒకటి ఇపుడు పల్లెలకును చేరుచున్నది. రంగురంగుల డబ్బాలలో నుండు మాత్రలు, పొడులు అవి. కణములకు శక్తి నిచ్చుననియు, ముదిమిని నిలుపుననియు, మోకాళ్ల నొప్పులను పోగొట్టుననియు వాటిపై వ్రాసియుండును. ఒక డబ్బా ధర రెండు మూడువేల రూపాయలుండుట సాధారణము. మన రాష్ట్రమున 2024 జూలై నెలలో వృద్ధాప్యపు పింఛను నెలకు 4,000 రూపాయలైనది. ఒక డబ్బాకే అందులో సగమునకు పైగా చెల్లిపోయినచో, మిగిలిన దినములలో ఆ ముదుసలి తినవలసిన పాలు, పప్పు, గ్రుడ్లు ఎట్లు వచ్చును? పంచాయతీ సభ్యులు ఈ విషయమును వ్యక్తుల సొంత వ్యవహారమని విడిచిపెట్టరాదు. రాజ్యాంగపు 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీల విషయములుగనే చెప్పబడియున్నవి.

ఈ డబ్బాల మీద కణశక్తి యని వ్రాయబడుచున్న దానిలో సత్యమెంత, అమ్మకపు మాట యెంత అను సంగతి తెలియవలెనన్న, ముందు ఆ శక్తి యేమో తెలియవలెను. దానిని కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారే కావుట మనకు సంతోషము కలిగించు విషయము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి పనిచేసిరి. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత గలదో తెలిసికొను పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. నీలిరంగు ఎంత గాఢముగా వచ్చినదో చూచి భాస్వరమును లెక్కకట్టు ఆ పద్ధతి వారిరువురి పేరనే ప్రయోగశాలలలో ప్రసిద్ధి కెక్కినది. ఆ పద్ధతితో కండరములను పరీక్షింపగా, అందు భాస్వరముతో కూడిన ఒక పదార్థము గలదనియు, కండరము పనిచేసి అలసినపుడు అది తరుగుననియు, విశ్రాంతి పొందినపుడు మరల పెరుగుననియు 1927లో తేలినది. అదియే ఫాస్ఫోక్రియాటిన్. పిమ్మట 1929లో ఏ.టి.పి. అను పదార్థమును గూడ వారు కండరము నుండి వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమాన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను.

ఈ ఏ.టి.పి. అనునది కణము యొక్క రొక్కము వంటిది. తినిన సంగటి, పప్పు, నూనె సరకు వంటివి. సరకునిచ్చి కణము నేరుగా పని చేయించుకొనలేదు; దానిని రొక్కముగా మార్చుకొనవలెను. కణములలోని మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములు, మనము పీల్చిన ప్రాణవాయువు సాయమున ఆహారమును మెల్లగా దహించి, ఆ మార్పిడి చేయుచున్నవి. సంతలో ఒకే రూపాయి ఉదయము నుండి సాయంకాలము వరకు ఎందరి చేతులో మారునట్లు, ఒకే ఏ.టి.పి. అణువు దినమునకు వందలసార్లు ఖర్చయి మరల తయారగుచుండును. ఏ క్షణమున చూచినను శరీరములో దాని నిలువ కొలదిగనే యుండును. అయినను ఒక దినమున తయారగు మొత్తము కూడినచో, ఇంచుమించు మనిషి బరువంత యగును. కావున ఏ.టి.పి.ని మాత్రగా మ్రింగి శక్తి పెంచుకొందమనుట, ఊరిలోని వ్యాపారమంతయు ఒక చిల్లర నాణెముతో పెంచుదమనుట వంటిది. పైగా ఆ మాత్ర కడుపులోనే విడిపోవును. రొక్కము మారవలెనన్న సరకు ఉండవలెను, శ్వాస ఉండవలెను, పని ఉండవలెను.

ఇక ఈ డబ్బాలలో విరివిగా వినబడు మరొక పేరు ఎన్.ఏ.డి. దీనికి సంబంధించిన పదార్థములనే ఎన్.ఎం.ఎన్. మొదలగు పేర్లతో అమ్ముదురు. చెరువు పూడిక తీయుచోట గంపలు చేసెడి పనియే కణములో ఎన్.ఏ.డి. చేయును. మట్టి నింపుకొనిపోయి, కట్టపై దింపి, ఖాళీగా తిరిగివచ్చి మరల నింపుకొనును. ఆహారమునుండి వెలువడిన శక్తిని మైటోకాండ్రియాకు మోయునది ఇదియే. వయస్సు మీరినకొలది ఇది కొంత తగ్గుచున్నట్లు పరిశోధనలు చూపినవి. గంపలు తగ్గినచో పని కుంటుపడుననుట నిజమే. అయితే గంపలు తయారగునది నయాసిన్ అను బి-విటమినునుండి. ఈ నయాసిన్ కథ మన దక్కను ప్రజలకు క్రొత్తది కాదు.

పెల్లాగ్రా యను రోగమును గురించి వృద్ధులు విని యుందురు. ఎండ తగులు చేతులు, మెడ, పాదములు నల్లబడి పొలుసులు లేచును, విరేచనములు పట్టుకొనును, మతి చెదరును. ముఖ్యముగా జొన్నయే ఆహారముగా గల దక్కను పేదలలో ఈ వ్యాధి కనబడుచుండెడిది. నయాసిన్ లోపమే దీనికి మూలమని 1937లో అమెరికాలో కాన్రాడ్ ఎల్వెజెమ్ కుక్కలపై చేసిన పరిశోధనలచే తెలియవచ్చినది. అయితే మొక్కజొన్నవలె గాక, జొన్నలో నయాసిన్ అంత తక్కువ లేదే, మరి యిదేల యను సందేహము మిగిలినది. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము, అనగా నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ ప్రశ్నను చేపట్టినది. జొన్నలో హెచ్చుగానున్న ల్యూసిన్ అను భాగము నయాసిన్ వినియోగమునకు అడ్డుపడుచున్నదని గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో ప్రతిపాదించిరి. తరువాతి పరిశోధకులందరును దీనికి సమ్మతింపలేదు. కాని ఒకే ధాన్యముపై బ్రతుకుట ప్రమాదమను సంగతి స్థిరపడినది. జొన్నతోపాటు బియ్యము, పప్పు పేదల ఇండ్లకు చేరుటతో ఆ రోగము అరుదైపోయినది. జొన్నను ఇందుచేత నిందింపబనిలేదు. జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, చెనిక్కాయల పొడి ఉన్నచోట పెల్లాగ్రాకు చోటు లేదు.

ఆ చెనిక్కాయయే మన ప్రాంతపు పంట. తలుపుల, కదిరి చుట్టుపట్లనంతయు వానాధారపు ఎఱ్ఱనేలలలో వేరుశెనగ పండించుట అందరెరిగినదే. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానమునుండి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి మొదలగు రకముల పేర్లు రైతుల నోట నానుచున్నవి. నూరు గ్రాముల వేరుశెనగ పప్పులో నయాసిన్ సుమారు 12 మిల్లీగ్రాములు, మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు కలవు. పెద్దగా శ్రమ చేయని పురుషునకు దినమునకు 14, స్త్రీకి 11 మిల్లీగ్రాముల నయాసిన్ కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించినది. ఒక గుప్పెడు వేయించిన చెనిక్కాయలు, అనగా 30 గ్రాములు తినినచో నాలుగవవంతుకు పైగా అక్కడనే సమకూరును. మిగిలినది ధాన్యము, పప్పు, మాంసాహారము ఇచ్చును. వేలరూపాయల డబ్బాలోని పదార్థమునకు మూలమైన విటమినును పండించునది మన రైతే. ఆ కాయలను మిల్లుకు తోలి, తన ఇంటి ముసలివారికి డబ్బా కొనుట వింతగనే యున్నది.

ఎన్.ఎం.ఎన్. వంటి వాటిని పూర్తిగా తీసివేయుట మా యుద్దేశము కాదు. వాటిని తినినచో రక్తములో ఎన్.ఏ.డి. పెరుగుచున్నట్లు మనుష్యులపై చేసిన పరిశోధనలు చూపినవి. కాని రక్తములో ఒక పదార్థము పెరుగుట వేరు, మనిషి బలముగా నడచుట వేరు. నడక, బలము, జ్ఞాపకశక్తి విషయమున ఫలితములు ఒకే తీరున లేవు. మనుష్యుల ఆయువు పెరిగినట్లు ఏ పరిశోధనయు చూపలేదు. ఎలుకలలో కనబడిన గుణమును డబ్బాపై మనుష్యుల కన్వయించి వ్రాయుచున్నారు. 1957లో అమెరికాలో కనుగొనబడిన కోయెంజైము క్యూ-10 సంగతియు కొంచె మించుమించుగా నిట్టిదే. దానిని శరీరము తానే తయారుచేసికొనును. కొన్ని గుండెజబ్బులలో వైద్యులు దానిని పరీక్షించి చూచిరి గాని, ఆరోగ్యవంతుడైన వృద్ధుడు కొని తినవలసిన అవసరము కనబడదు.

వీటన్నిటిలో కొంత గట్టి సాక్ష్యము గలది క్రియాటిన్. సుబ్బారావుగారు 1927లో చూచిన పదార్థమునకు ఇది ముడిసరకు. బరువులెత్తు వ్యాయామముతో కలిపి తీసికొన్న వృద్ధులలో కండ కొంత పెరిగినట్లు పలు పరిశోధనలు చూపినవి. వ్యాయామము లేక కేవలము పొడి తినినచో ఫలము స్వల్పము. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు. మాంసమునందును, చేపలందును క్రియాటిన్ సహజముగనే యున్నది.

ఎక్కువైనచో మేలే గాని కీడుండదని చాలమంది నమ్ముదురు. ఫిన్లాండు దేశమున పొగత్రాగు పురుషులు సుమారు 29,000 మందిపై చేసిన పరిశోధన ఫలితము 1994లో వెలువడినది. క్యారెట్టులోని పసుపు పదార్థమైన బీటాకెరొటీనును మాత్రగా తినినవారిలో ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గుటకు బదులు నూటికి 18 వంతున పెరిగినది. కూరగాయలో మేలు చేయునది మాత్రగా మారి కీడు చేయవచ్చునని అప్పుడు లోకమునకు తెలిసినది. బీడీ త్రాగు పెద్దలున్న గ్రామములలో ఈ సంగతి గ్రామసభలో చెప్పదగినది. అట్లే డి-విటమిను పొట్లములు 60,000 యూనిట్లవి వారమున కొకటి యని వైద్యులు వ్రాయుదురు. వాటిని దినమున కొకటి చొప్పున నెలల తరబడి తినినచో, రక్తములో సున్నము పెరిగి మూత్రపిండములు చెడును. చీటీ చదువరాని ముసలివారింట ఇట్టి పొరపాటు సులభముగా జరుగును. ఆశా కార్యకర్త ఆ పొట్లముపై ఆదివారమని యొక గుర్తు పెట్టించినచో చాలును.

అన్నిటికంటె ప్రమాదము, పేరు చిరునామా లేని పొడులది. కీళ్లనొప్పులకు అమ్ము అట్టి పొడులలో స్టెరాయిడ్ మందులు కలిసియున్నట్లు మన దేశమున పలుమార్లు పరీక్షలలో బయటపడినది. తినిన రెండు మూడు దినములకే నొప్పి తగ్గును, ఆకలి వేయును, ముఖము నిండుగా కనబడును. ఇదియంతయు బలమని ఇంటివారు సంతోషింతురు. నిజమునకు ముఖము ఉబ్బుచున్నది, చక్కెర పెరుగుచున్నది, ఎముకలు గుల్లబారుచున్నవి. చాలకాలము తినినవారు ఒక్కసారిగా మానినచో ప్రాణాపాయమును కలుగవచ్చును. కావున అట్టి పొడికి అలవాటుపడిన వారెవరైనను గ్రామములో ఉన్నారని తెలిసినచో, వెంటనే మాన్పింపక, ఆ పొడితో సహా ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను.

ఇంతమాత్రమున ముసలివారికి మాత్రలే వలదని కాదు. నిజమైన లోటు ఉన్నచోట మాత్రయే వైద్యము. ఆ లోటులలో బి-12 ముఖ్యమైనది. మొక్కల ఆహారమున ఈ విటమిను లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలలో మాత్రమే యున్నది. దినమునకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు కొంచెము పైన. కాని వయస్సు మీరినపుడు జీర్ణాశయములో ఆమ్లము తగ్గి, తినిన దానిలోనిదియు సరిగా పట్టదు. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రలు చిరకాలము వాడువారికిని ఇది తగ్గును. కాళ్లు తిమ్మిరెక్కుట, చీమలు ప్రాకినట్లుండుట, నడకలో తూలుట, నాలుక మంటలు, మతిమరుపు దీని గుర్తులు. ముసలితనమని త్రోసిపుచ్చు బాధలలో కొన్ని నిజముగా ఈ లోపమే కావచ్చును; రక్తపరీక్షచే తెలియును; ముందుగా గుర్తించినచో కుదురును. ఆలస్యమైనచో నరములకు కలిగిన నష్టము పూర్తిగా తిరిగిరాదు.

ఇందొక చిక్కున్నది. ఫోలిక్ ఆమ్లమను మరొక విటమినును 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకులు మన సుబ్బారావుగారే. అంతకు పూర్వము 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారముతో కుదురుచున్నదని ప్రకటించినది. ఆ సారమునందలి గుణమే ఈ ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి సోదరులిరువురు స్ప్రూ యను ప్రేగుల జబ్బుతో మరణించిరి. ఆ జబ్బునకు పనికివచ్చు మందును కనుగొనుట ఆయనకు శాస్త్రవిషయము మాత్రమే కాకపోయినది. అయితే బి-12 లోపించినవానికి ఫోలిక్ ఆమ్లమును మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును, నరములు మాత్రము లోలోపల చెడుచునే యుండును. బి-12ను వేరుచేసినది 1948లో. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు అమెరికాలో కీర్తిశేషులైరి. కావున పాలు, గ్రుడ్లు ఏమాత్రము ముట్టని వృద్ధుడు తనంత తాను రక్తము మాత్రలు కొని తినుటకంటె, బి-12 పరీక్ష చేయించుకొనుట మేలు.

రక్తహీనత సంగతి వేరుగ చెప్పబనిలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తము తక్కువ. రక్తములోని ఇనుమే ప్రాణవాయువును కణములకు చేర్చునది. ప్రాణవాయువు చేరక మైటోకాండ్రియా ఏమి చేయగలవు? ఈ స్త్రీలకు కణశక్తి మాత్ర యనదగినది ఏదైన నున్నచో, అది ఆరోగ్య కార్యకర్త ఉచితముగా నిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రయే. భోజనముతోడనే టీ త్రాగినచో ఇనుము పట్టదు; నిమ్మ, ఉసిరి పట్టించును.

యాబది కిలోల బరువుగల వృద్ధునికి దినమునకు 42 గ్రాముల మాంసకృత్తులు తక్కువలో తక్కువ కావలెను; యాబది దొరికినచో కండ నిలుచును. ప్రొటీను డబ్బా లేకయే ఇది కుదురునా యని లెక్కవేసి చూతము. రాగిపిండి 150 గ్రాములతో సంగటి 11 గ్రాములు. ఉలవలో, కందిపప్పో 50 గ్రాములు 11. గుప్పెడు చెనిక్కాయలు 7. పావు లీటరు పాలు లేక పెరుగు 8. ఒక గ్రుడ్డు 6. రాత్రికి నూరు గ్రాముల బియ్యపు అన్నము 7. మొత్తము యాబది. పైగా నూరు గ్రాముల రాగిలో సున్నము సుమారు 350 మిల్లీగ్రాములుండును. పండ్లు లేనివారికి ఉలవలను గుగ్గిళ్లుగ గాక కట్టుగను, చెనిక్కాయలను ఊరుబిండిగను చేసి పెట్టవలెను. బూజు పట్టిన కాయలను ఏరి పారవేయవలెను. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ విషము కాలేయమును చెరచును. చౌకగా దొరకు బలపు పొడుల డబ్బాలు కొన్నింట మొదటి దినుసు చక్కెరయే. లేబులుపై దినుసులను హెచ్చు నుండి తగ్గు వరుసలో వ్రాయుట నియమము గనుక, మొదటి పేరు చూచిన చాలు, సంగతి తెలియును.

తినిన మాంసకృత్తులు కండగా మారుటకు పని కావలెను. మంచముపై గాక పీటపైగాని కుర్చీపైగాని కూర్చుండి, చేతులు ఆనించక పదిమార్లు లేచుట కూర్చుండుట, ఉదయ సాయంకాలములు చేసినను తొడలకు బలము వచ్చును. క్రొత్త మైటోకాండ్రియా పుట్టుటకు తెలిసిన మార్గములలో శరీరశ్రమయే ముఖ్యమైనది.

పంచాయతీ చేతిలో నున్న పనులు కొన్ని గలవు. ఆహార భద్రత, ప్రమాణముల చట్టము 2006 ప్రకారము ఇట్టి డబ్బాలపై 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండవలెను. ఇది మందుగా వాడుటకు గాదను మాట ఉండవలెను. వ్యాధిని కుదుర్చునని వ్రాయుటకు వీలులేదు. చక్కెరవ్యాధి, పక్షవాతము, పుట్టకురుపు మొదలగువాటిని నయముచేయుదుమని ప్రకటించుటను 1954 నాటి మందులు, మాయ వైద్యముల ప్రకటనల చట్టము నిషేధించుచున్నది. గ్రామమున బల్ల వేసి అమ్మువానిని బిల్లు, లైసెన్సు చూపుమని సర్పంచు అడుగవచ్చును. చూపనివానిని గురించి జిల్లా ఆహార భద్రతాధికారికి వ్రాయవచ్చును. మోసపోయిన వారు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. పింఛను పంచు దినములలో ఇట్టి బల్లలు సచివాలయపు ముంగిట లేకుండ చూచుట సభ్యులకు కష్టము గాదు.

చివరిగా నీటి మాట. అనంతపురము ప్రాంతపు పలు గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్నది. ఎముకల ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశమున మొదట గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా గ్రామములలోనే. నడుము వంగుట, మెడ తిరుగకుండుట, మోకాళ్లు పట్టివేయుట అందలి లక్షణములు. దీనిని ముదిమి యనుకొని ఎముకల బలమునకు పొడులు కొనుచు, ఆ పొడిని ఆ నీటిలోనే కలిపి త్రాగువారుందురు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడుగల నీరు త్రాగుటకు తగదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు ఒక శుభ్రమైన సీసాలో, ఏ బోరునుండి ఏ తేదీన పట్టినదో చీటి అంటించి, నీరు పంపవలెను. ఒక గ్రామములో బోరు బోరుకును భేదముండును గనుక, వాడుకలోనున్న ప్రతి బోరునుండియు వేరువేరు సీసాలు పంపుట అవసరము.